రేవు మూసిన మాట

"నా కొడుకు ఇంటి జావ నాకొద్దు. పట్టుకుపో."

పాక లోపలి నుంచి బిరీతా ముసలమ్మ గొంతు వినిపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

జావ గిన్నె చేతిలో పట్టుకుని ఎల్స్‌పా అక్కడే నిలబడింది. అది గొర్రె మాంసం గాలికి ఎండబెట్టే పాక. సముద్రపు గాలి ఈ పక్క నుంచి ఆ పక్కకు ధారాళంగా పోవాలని గోడచెక్కల మధ్య వేలు దూరేంత సందులు వదులుతారు. మాంసానికి అది మంచిదే, ముసలి ఎముకలకు కాదు. అలాంటి చోట, కొక్కేలకు మిగిలిన గొర్రె తొడల కింద ముక్కాలిపీట వేసుకుని, అత్తగారు మేజోడు అల్లుకుంటూ కూర్చుంది. ఆదివారం భోజనాల దగ్గర లేచి, ఊలుబుట్ట చంకన పెట్టుకుని వచ్చిన మనిషి ఆ తర్వాత ఇంటి గడప తొక్కలేదు. పొరుగింటివాళ్ళు ఇచ్చిన ఎండుచేప తింటోంది. కోడలు తెచ్చింది మాత్రం ముట్టడం లేదు.

"కోపం నా మీదా, జావ మీదా అత్తయ్యా?" అంది ఎల్స్‌పా.

"జావ ఏం చేసిందే పాపం. రాజుగారి కొట్టు బార్లీతో కాచిన జావ. వచ్చే ఏడు ఇదే జావ ఎవడి దయ మీద తాగుతారో మీ ఆయన్ని అడిగి రా."

ఇంట్లో నిప్పు పెట్టింది ఆ కొట్టే. తోర్స్‌హావ్న్ రేవులో, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి ముక్కు మీద రాజుగారి కొట్టు ఉంది. ఈ దీవుల్లో ఎవరు ఏది అల్లినా, పట్టినా, ఉప్పువేసి ఎండబెట్టినా అక్కడే అమ్మాలి. బార్లీ కావాలన్నా, కలప కావాలన్నా, తాడు కావాలన్నా అక్కడే కొనాలి. పరాయి ఓడవాడి దగ్గర ఒక్క సూది కొన్నా నేరం. తాతల తాతల నాటి నుంచీ అదే చట్టం. ఆ చట్టాన్ని ఎత్తివేసి రేవులన్నీ అందరికీ తెరవాలని ఇప్పుడొక బిల్లు వచ్చింది. ముందు దీవుల సభ, అదే తింగ్, దానిమీద తన మాట చెప్పాలి. తర్వాత కోపెన్‌హాగెన్ పార్లమెంటు చట్టం చెయ్యాలి.

ఆ తింగ్‌కి స్కార్‌విక్ ఊరి తరఫున ఎన్నికైనవాడు బిరీతా ముసలమ్మ కొడుకు, ఎల్స్‌పా మొగుడు, దాన్యల్. ఎన్నికైన రోజు చర్చి వాకిట్లో అందరి ముందూ, రేవులు తెరవడానికే చెయ్యెత్తుతానని మాటిచ్చాడు. కుర్ర మాటలే అని ముసలమ్మ అప్పుడు ఊరుకుంది. నలభై దాటినా ఆమెకు వాడు కుర్రాడే. ఆదివారం నాడు భోజనాల దగ్గర వాడు అదే మాట మళ్ళీ అన్నాక, ఇది నిజమేనని ఆమెకు అర్థమైంది.

ముసలమ్మ తెలివితక్కువది కాదు. ఆ సంగతి ఎల్స్‌పాకి అందరికంటే బాగా తెలుసు. పంట పండినా పండకపోయినా రాజుగారి కొట్టులో బార్లీ ధర ఒక్కటే. దీవుల జనానికి గింజలు ఉంచడం ఆ కొట్టు బాధ్యత. రేపు పదిమంది వర్తకులు వస్తే లాభం ఉన్నన్నాళ్ళూ వస్తారు. తుఫాను ఏడు ఎవడు వస్తాడు? ఎవడి బాధ్యత? ఆదివారం ఆమె అడిగింది ఇదే. దాన్యల్ దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోయినా మనసు మార్చుకోను అన్నాడు, అంతే, ఆమె లేచింది.

"ఆ మాటలు వాడివి కావే," అంది ముసలమ్మ చెక్కల సందులోంచి. "వాడి నోట్లో నువ్వు పెట్టినవి."

ఎల్స్‌పా కాదనలేదు. ఎలా కాదంటుంది? అవతలి దీవి నుంచి కోడలుగా వచ్చిన నాటి నుంచి ఆమె అల్లికకు ఊళ్ళో సాటి లేదు. ఏటా ఆ మేజోళ్ళు, ఊలు చొక్కాలు మూటకట్టి తోర్స్‌హావ్న్ తీసుకెళ్తే, అక్కడ ధర ముందే రాసి ఉంటుంది. ఆమె నోరు తెరవాల్సిన పనే ఉండదు. ఇది నా చేతి పని, నా ధర ఇది, ఇస్తే ఇవ్వు లేకపోతే పో అని బతికుండగా ఒక్కసారి ఎవరితోనైనా అనాలని ఆమె కోరిక. ఆ కోరికే మొగుడికి చెప్పింది. చెప్పినందుకు సిగ్గుపడదు కూడా.

గిన్నె పట్టుకుని ఇంటికి తిరిగి వచ్చింది.

లోపల దాన్యల్ పొయ్యి పక్కన కూర్చుని మేజోడు అల్లుతున్నాడు. ఈ దీవుల్లో మగాళ్ళూ అల్లుతారు, అదేం వింత కాదు. కానీ కోపం వచ్చినా దిగులు పుట్టినా అతని అల్లిక బిగిసిపోతుంది. తల ఎత్తకుండా అల్లుతున్న ఆ తీరు చూసి, పొద్దున జకారిస్ వచ్చి చెప్పిన మాట ఇంకా గొంతులోనే ఉందని ఆమెకు అర్థమైంది.

జకారిస్ ఊరి పెద్దపడవకు పెద్ద. ఎనిమిది తెడ్లు పడితే గానీ తోర్స్‌హావ్న్ చేరలేరు, ఆ తెడ్లు వేసేవాళ్ళు అతని మాట వింటారు. అతను దాన్యల్‌కి చిన్ననాటి నేస్తం, కానీ పొద్దున నేస్తంలా మాట్లాడలేదు. ఓలావ్ పండుగకు తింగ్ కూర్చుంటుంది, రేపు పొద్దున పడవ బయల్దేరాలి, నిజమే. కానీ తల్లిని పాకలో కూర్చోబెట్టి బయల్దేరినవాణ్ణి మోసుకెళ్ళి మేం అక్కడ ఏం మొహం పెట్టుకుంటాం అన్నాడు. ముందు మీరూ మీరూ తేల్చుకోండి, పడవ తర్వాత అన్నాడు.

"నేను వెళ్ళను ఎల్స్‌పా," అన్నాడు దాన్యల్.

ఆమె జావ గిన్నె పొయ్యి అంచున పెట్టింది.

"విన్నావా?"

"విన్నాను."

"మరేమీ అనవేం?"

"మేజోడు బిగిసిపోయింది. ఏ కాలికీ పట్టదు." అతని చేతిలోంచి తీసుకుని, మడమ దాకా విప్పేసి, ఊలు ఉండ చుట్టసాగింది.

అప్పుడు అతనికి నోరొచ్చింది. అమ్మ పాకలో, నేను సభలో కూర్చుంటే జనం మొహం మీద ఉమ్మేస్తారన్నాడు. చర్చి వాకిట్లో మాటిచ్చి ఇంట్లో కూర్చుంటే మాత్రం దండలు వేస్తారా అంది ఆమె. ఓట్లు ఒకటీ అరా తేడాలో ఉన్నాయని మీరే కదా చెప్పారు, మీరొక్కరు ఆగితే బిల్లు ఆగుతుందని మీరే కదా అన్నారు అని గుర్తుచేసింది. ఆ మాట ఎందుకు చెప్పానా అన్నట్టు అతను చూశాడు.

అతను కట్టెలకు బదులు మండించే పీట్ మట్టిగడ్డ ఒకటి పొయ్యిలోకి తోశాడు.

"ఎల్స్‌పా, అమ్మ ఆకలి చూసింది. నేను చూళ్ళేదు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మా అక్కని ఆ ఏడే పోగొట్టుకుంది. ఆవిడది భయం అనుకుంటున్నాం మనం. తెలివేమో. మనకే తెలియడం లేదేమో."

దాన్యల్ పుట్టకముందు, యుద్ధం వల్ల ఓడలు రాని ఏళ్ళలో, సున్నెవ అనే చిన్నపిల్ల ఆ ఇంట్లో ఉండేదనీ, ఆకలికి పోయిందనీ ఊరందరికీ తెలుసు. చర్చి పక్కన మామగారు హానుస్ సమాధి, దాని పక్కన చెయ్యెడు సమాధి. అంతకుమించి ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. ఎల్స్‌పా ఒకసారి ఎత్తింది, పెళ్ళైన కొత్తలో. అత్తగారు లేచి ఆవును చూడ్డానికి వెళ్ళిపోయింది. ఆ పూట ఆవుకు ఏ జబ్బూ లేదు.

మధ్యాహ్నం తిరిగాక జకారిస్ మళ్ళీ వచ్చాడు. ఆ మనిషి గుమ్మంలో వంగితే గుమ్మం నిండిపోతుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇవాళ సాయంత్రం మా ఇంట్లో ఆట," అన్నాడు. "ఊరంతటినీ మీ అమ్మే పిలిచింది."

"వేసవిలో ఆటేంటి?" అన్నాడు దాన్యల్. వలయంగా చేతులు పట్టుకుని పాటకు అడుగులు వేసే ఆట చలికాలపు పని. తోర్స్‌హావ్న్‌లో ఓలావ్ పండుగకు తప్ప, వేసవిలో ఊళ్ళకు దానికి తీరికెక్కడిది?

"నీ మీద పాట కట్టింది."

ఎల్స్‌పా చేతిలో ఊలు ఉండ ఆగిపోయింది.

ఇక్కడ తప్పు చేసినవాణ్ణి కోర్టుకీడ్చరు, వాడి మీద పాట కడతారు. ఇద్దరు బలమైన మగాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని వలయంలో నిలబెడతారు. ఊరంతా నవ్వుతూ వాడి కథ వాడికే పాడుతుంటే, వాడూ అడుగు తప్పకుండా నేల తొక్కాలి. చివరి చరణం దాకా నిలబడితే వ్యవహారం అక్కడితో సరి, ఇక ఎవరూ వేలెత్తి చూపరు. చెయ్యి విదిలించుకుని పారిపోతే ఆ పాట వాడి మనవల పెళ్ళిళ్ళలో కూడా పాడతారు. కానీ కన్నతల్లి కొడుకు మీద కట్టడం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు. పైగా కట్టింది ఎవరు? రాత్రంతా పాడినా తరగనన్ని పాటలు నోటికి వచ్చిన బిరీతా.

"ఒక చెయ్యి నేనే పట్టుకుంటాను," అన్నాడు జకారిస్. "గట్టిగానే పట్టుకుంటాను, ముందే చెప్తున్నా. చివరిదాకా నిలబడ్డావా, రేపు నీకోసం మొదటి తెడ్డు నాది. పారిపోయావా, తోర్స్‌హావ్న్‌కి ఈదుకుంటూ పో."

"నిలబడతారు," అంది ఎల్స్‌పా. మొగుడు నోరు తెరిచేలోగా ఆ మాట ఎందుకు అనేసిందో ఆమెకే తెలియదు. అనేశాక వెనక్కి తీసుకోలేదు.

జకారిస్ ఇంటి పొగగదిలో, అంటే పొయ్యి ఉన్న నడిమి గదిలో, జనం ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుంటూ నిలబడ్డారు. పైకప్పు కంతలోంచి వేసవి సాయంత్రపు వెలుగు నిండుగా దిగుతోంది. మట్టినేల మీద వలయం మెలికలు తిరిగి గోడల దాకా చేరింది. బిరీతా ముసలమ్మ పాక నుంచి నేరుగా వచ్చింది. జనం దారి ఇచ్చారు. కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపు అసలే చూడలేదు. వలయంలో పాడేవాళ్ళ చోట నిలబడి, మడమతో నేలను ఒకసారి తొక్కి, మొదలుపెట్టింది.

"వినండి వినండి స్కార్‌విక్ జనులారా, వీరుడి కథ చెబుతాను,
తింగ్ సభకు పోయే మా దాన్యల్ తెలివి కథ చెబుతాను."

"తొక్కండి నేల, వదలకండి చేయి," అని వలయం అందుకుంది. ఇక్కడ పాటకు వాయిద్యం ఉండదు, అడుగులే వాయిద్యం. అడుగుల కింద ఇల్లు అదిరింది.

"బార్లీ తెమ్మని పంపితే వీడు బస్తా రేవున మరిచాడు,
స్వేచ్ఛను గూర్చి మాటాడుకుంటూ ఉత్త పడవలో వచ్చాడు."

నవ్వులే నవ్వులు. ఎందుకంటే అది జరిగింది. తెడ్డువేసిన వాళ్ళలో సగంమంది ఆ వలయంలోనే ఉన్నారు. దాన్యల్ చెవులు కందిపోయాయి. ఒక చెయ్యి జకారిస్ పిడికిట్లో, రెండో చెయ్యి జకారిస్ వాళ్ళ అన్న పిడికిట్లో. అడుగు మాత్రం తప్పలేదు.

"పొట్టేలు తరిమితే చర్చిగోడెక్కి పొద్దుగూకేదాకా కూచున్నాడు,
రాజుగారి కొట్టునే తరిమేస్తానని రంకెలు ఇప్పుడు వేస్తున్నాడు."

అదీ జరిగిందే. ఈసారి దాన్యల్ కూడా పెదవి కొరికి నవ్వు ఆపుకున్నాడు. గోడవార నిలబడ్డ ఎల్స్‌పాకి ఊపిరి తేలికపడింది. నవ్వగలిగితే నిలబడగలడు. అంతలో ముసలమ్మ గొంతు ఆమె వైపు తిరిగింది.

"అల్లిక నేర్చిన కోడలు వచ్చెను అవతలి దీవి నుంచి,
మాటలు అల్లి మగడికి తొడిగెను కొలత సరిగ్గా చూసి."

తలలన్నీ తిరిగాయి. ఎల్స్‌పా తల దించలేదు. ఒప్పుకోవాలి, చరణం బాగుంది. తన మీదే అయినా బాగుంది. ఇలాంటి అత్తగారు ఏ దీవిలో ఉంది అని ఒక్క క్షణం గర్వం కూడా కలిగింది.

తర్వాత చరణానికి ఎవరూ నవ్వలేదు.

"ఆకలి అంటే ఎరుగని నోళ్ళు రేవులు తెరవాలంటాయి,
ఆ ఏడు మాకు ఓడ రాలేదు, నాచును నమిలిన నోళ్ళివి.

సున్నెవ నాకు తొలిచూరు బిడ్డ, సూదులు పట్టిన చిన్నచేయి,
అడిగితే అమ్మ ఏడుస్తుందని జావ అడగడం మానేసింది."

అక్కడ పాట ఆగింది.

వలయం ఆగలేదు. పాట పూర్తయ్యేదాకా వలయం ఆగకూడదు. మాట లేకుండా ఉత్త అడుగులే సాగాయి, రెండు ఎడమకు, ఒకటి కుడికి. ముసలమ్మ పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. కట్టిన పాటలో తర్వాతది ఏదో చరణం ఉండే ఉంటుంది, కొడుకును చివాట్లు పెట్టేదే అయి ఉంటుంది. కానీ పాట అన్నది జరిగింది జరిగినట్టు వరసలో నడవాలి. సున్నెవ దగ్గరికి వచ్చాక వరసలో తర్వాత ఏముందో, దాన్ని దాటి పోవడం ఆమెకు చేతకాలేదు.

ఎల్స్‌పా గోడను వదిలింది. వలయంలోకి ఎక్కడైనా చొరబడవచ్చు, అడిగే పని లేదు. వెళ్ళి అత్తగారి పక్కన దూరి ఆ చెయ్యి పట్టుకుంది. పాక గాలికి చల్లబడిపోయిన చెయ్యి. ముసలమ్మ విదిలించుకోలేదు. చాలా నెమ్మదిగా, పాడుతున్నట్టు కాక చెబుతున్నట్టు, మళ్ళీ మొదలుపెట్టింది.

"తెరచాప ఒకటి రేవుకు వచ్చెను, రాజుగారిది కాదది,
మేజోళ్ళు ఇస్తే పిండిని ఇస్తాం మేమని వాళ్ళు అన్నారు.

రేవుకు పెద్ద నా హానుస్ నిలిచి రావద్దు పొమ్మని చెప్పాడు,
చట్టం అన్నాడు, ప్రమాణమన్నాడు, చేతులు వణకగ చెప్పాడు."

వలయంలో ఉన్న ముసలివాళ్ళు నేల చూపులు చూశారు. వాళ్ళకు తెలుసు. తెలిసీ ఇన్నేళ్ళు ఎవరూ నోరెత్తలేదు. మిగిలినవాళ్ళలో పల్లవి అందుకునేవాడే లేడు. దాన్యల్ తల్లినే చూస్తూ అడుగులు వేస్తున్నాడు. అతని చేతులు ఇప్పుడెవరూ పట్టుకోలేదు. అతనే జకారిస్‌ను పట్టుకుని ఉన్నాడు.

ఎల్స్‌పాకి అప్పుడు అంతా అర్థమైంది. అత్తగారు ఇన్నేళ్ళు ఆ కొట్టును ఎందుకు నెత్తిన పెట్టుకుందో, దాని మీద ఈగ వాలనివ్వదెందుకో అర్థమైంది. ఆ చట్టం మంచిదైతేనే మామగారు చేసింది మంచి. చట్టం చెడ్డదైతే, మంచివాడైన ఆ మనిషి కన్నబిడ్డ నోటిదగ్గరి పిండిని ఊరికే వెనక్కి పంపినట్టు. అంత బరువు నెత్తిన పెట్టుకుని ఏ ఆడది బతుకుతుంది?

జీవితంలో ఆమె ఎన్నడూ చరణం ఎత్తలేదు. అవతలి దీవి మనిషి ఇక్కడి వలయంలో గొంతెత్తడం ఏమిటని ఎప్పుడూ పల్లవి దగ్గరే ఆగేది. ఇప్పుడు ఆ సంకోచం గుర్తుకే రాలేదు.

"రేవు మూసింది హానుస్ కాదు, రేవు మూసింది మాట,
మాటను మార్చే చోటికి రేపు మనదే పడవ పోతుంది."

రాగం కొంచెం పక్కకు పోయింది. అయినా జకారిస్ అందుకున్నాడు, ఆ లావు గొంతుతో, "తొక్కండి నేల" అని. ఊరు ఊరంతా అందుకుంది. ఇంటి దూలాల మసి రాలింది.

పల్లవి అయ్యేసరికి ఎల్స్‌పా పిడికిట్లో చెయ్యి లేదు. బిరీతా ముసలమ్మ జనాన్ని తోసుకుంటూ గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

వలయం అప్పుడు ఆగింది. అందరూ జకారిస్ మొహం చూశారు, జకారిస్ దాన్యల్ మొహం చూశాడు.

"పాట పూర్తి కాలేదు," అన్నాడు జకారిస్ తల గోక్కుంటూ. "వలయం వదిలి పోయింది నువ్వు కాదు, కట్టిన మనిషి. దీనికి ఏం తీర్పు చెప్పాలో నాకు తెలీదురా దాన్యల్. మా తాతకి కూడా తెలిసి ఉండదు."

పడవ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక దాన్యల్ తండ్రి గురించి చెప్పాడు. ఇంట్లో అందరూ తిన్నాక గానీ నాన్న రొట్టె విరిచేవాడు కాదట. సాయంత్రం అయ్యేసరికి రేవు రాతి మీద నిలబడి సముద్రం వైపే చూసేవాడట. చేపల జాడ చూస్తున్నాడని అనుకునేవాణ్ణి ఎల్స్‌పా, అన్నాడు. ఆమె అతని తల తన భుజానికి ఆనించుకుంది. రేపు వెళ్తున్నారా అని అడగలేదు. అతని పండుగ బట్టలు మాత్రం తీసి పెట్టెలో సర్దింది.

పొద్దున్నే పాక దగ్గరికి వెళ్తే తలుపు తెరిచి ఉంది. ముక్కాలిపీట ఉంది, మనిషి లేదు, ఊలుబుట్ట లేదు. పరుగున చర్చి పక్కకు వెళ్ళి చూసింది, అక్కడా లేదు. రెండు సమాధుల మీదా మంచుతడి గడ్డి మాత్రం ఎవరో కూర్చున్నట్టు అణిగి ఉంది. అక్కడి నుంచి రేవుకు పరిగెత్తింది.

పెద్దపడవ నీళ్ళలో ఉంది. జకారిస్, అతని మనుషులు తెడ్ల దగ్గర నిలబడి ఉన్నారు, కానీ ఎవరూ ఎక్కలేదు. దాన్యల్ పెట్టె భుజాన పెట్టుకుని రాతి మీద ఆగిపోయి ఉన్నాడు. వాళ్ళకూ పడవకూ మధ్య బిరీతా ముసలమ్మ, చర్చి బట్టలు కట్టుకుని, చేతిలో మడతపెట్టిన కోటుతో అడ్డంగా నిలబడి ఉంది.

"ఇలా రా," అంది కొడుకుతో.

వచ్చాడు. ఆమె కోటు మడత విప్పింది. హానుస్ కోటు అది, రాత్రి వాళ్ళు నిద్రపోయాక ఇంట్లోంచి తీసుకుపోయి ఉంటుంది, వెండి గుండీలు తోమి తోమి తళతళలాడుతున్నాయి.

"ఇది తొడుక్కునే మీ నాన్న రేవు పెద్దగా ప్రమాణం చేశాడు," అంది. "చేసిన ప్రమాణం తప్పలేదు. బిడ్డ పోయినా తప్పలేదు. అలాంటి మనిషి ఈ దీవుల్లో ఇంకొకడు ఉంటే చూపించు. ఆయన చేసింది తప్పంటారేమోనని ఇన్నేళ్ళు ఆ కొట్టుకు కాపలా కాశానురా. తప్పు ఆ చట్టం మాటది, మనిషిది కాదు. ఆ ఒక్క చరణం నాకు దొరకలేదు. నీ పెళ్ళానికి దొరికింది."

దాన్యల్ ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు, తనే కోటు తొడిగి మెడ దగ్గర గుండీ పెట్టింది. భుజాల దగ్గర అతనికి సరిగ్గా సరిపోయింది.

"బార్లీ ఎవడు తెస్తాడన్న నా ప్రశ్నకు నీ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. కానీ వచ్చిన ఓడను పొమ్మనే పని ఈ ఊళ్ళో ఇంకెవరికీ ఉండకూడదు. ఈ కోటు తొడుక్కునే చెయ్యెత్తు. మీ నాన్న చెయ్యి కూడా లేస్తుంది."

తెడ్ల దగ్గరున్న మగాళ్ళు ముక్కులు చీదుకుంటూ తాళ్ళు సర్దుకున్నారు. ఎల్స్‌పా ఏడుస్తూనే నిటారుగా నిలబడింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చినందుకు ఆమె ఇంతగా ఎన్నడూ మురిసిపోలేదు.

అంతా అయిపోయిందనుకున్నారు. ముసలమ్మ లంగా కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పడవలో కాలు పెట్టింది. ఊలుబుట్ట అప్పటికే పడవలో ఉంది.

జకారిస్ బిత్తరపోయాడు. "పెద్దమ్మా, ఎక్కడికి? తింగ్‌లో ఆడవాళ్ళకి మాట లేదు."

"తింగ్‌లో లేదు. ఓలావ్ పండుగ ఆటలో ఉందిగా. ఓటుకు ముందు సభ్యులంతా వలయంలో చేతులు పట్టుకోవాల్సిందే. కొట్టు వైపు వాళ్ళని మాత్రం నువ్వు పట్టుకో, గట్టిగా."

"పాట పూర్తి కాలేదు కదా అమ్మా," అన్నాడు దాన్యల్.

"కాలేదు. చివరి చరణం వాళ్ళ ఓటు చెప్పాలి. మంచి పాటవుతుందో, ఇంకేమవుతుందో, వాళ్ళ మొహాలు చూస్తూ అక్కడే కడతాను." కూర్చుని, బుట్టలోంచి మేజోడు తీసి, ఒడ్డుకేసి చూసింది. "ఏమే, గుడ్లప్పగించి చూస్తావేం? ఎక్కు."

ఎల్స్‌పా వెనక్కి తిరిగి ఇంటివైపు చూసింది. ఆవు పాలకు వచ్చి ఉంటుంది. పొయ్యి ఆర్పలేదు. తోర్స్‌హావ్న్ పెద్దల మధ్య, అవతలి దీవి ఆడది, రాగం కూడా సరిగ్గా నిలవని గొంతు.

"నేనెందుకు అత్తయ్యా?"

"నీ చరణం నాకు నోటికి రాదు," అంది బిరీతా ముసలమ్మ, సూదుల మీంచి చూపు తిప్పకుండా. "అది నువ్వే పాడాలి."